తోటలో బృహన్నల బొమ్మ పెట్టాలంటే: ఏ ఘట్టం, ఏ మెటీరియల్, ఉప్పుగాలికి ఏం చెయ్యాలి

మీ ప్రశ్న మొత్తం చదివాను అన్నా. కొత్తగా వచ్చేవాళ్ళకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు రెండు ముక్కల్లో చెప్తా. మైపాడు రోడ్డులో ఇల్లు కట్టారు, సముద్రం దగ్గరే, ముందర తోటకి జాగా వదిలారు. నాన్నగారు రిటైరైన తెలుగు మాస్టారు, విరాటపర్వం అంటే ఆయనకి ప్రాణం, అందుకని తోటలో నిలువెత్తు బృహన్నల బొమ్మ పెట్టించాలనుకున్నారు. ఫైబర్ ఆయన తక్కువలో అయిపోద్ది అంటున్నాడు, సిమెంట్ మేస్త్రి నాది వందేళ్ళు ఉంటది అంటున్నాడు, చీమకుర్తి వైపు రాయి వాళ్ళు గెలాక్సీ అనే నల్ల గ్రానైట్‌లో చెక్కిస్తే తిరుగు లేదు అంటున్నారు, ఈ మూడింట్లో ఏది అని మీ ప్రశ్న. ఫోటో కూడా పెట్టారు, ఒక కాలు పైకెత్తి, ఒక చెయ్యి తల మీదకి తిప్పి, వేళ్ళు విప్పి నాట్యం చేస్తా ఉన్న బొమ్మ.

మెటీరియల్ సంగతి తర్వాత, ముందు ఆ ఫోటో మార్చండి. ఫోటోలో బొమ్మ బాగలేదని కాదు. మా నాయన దగ్గర ఈ బొమ్మల పని నేర్చుకున్నప్పట్నించీ నేను చూస్తా ఉండేది ఇదే, జనం మెటీరియల్ తేల్చుకున్నాక భంగిమ ఆలోచిస్తారు, కానీ ఏ మెటీరియల్ నిలబడుద్దో చెప్పేది భంగిమే. సముద్రం పక్కన ఒంటికాలి మీద నిలబడ్డ బొమ్మ అంటే మొత్తం బరువు ఒక చీలమండ మీద, గాలి తోసేది ఆ చాపిన చేతిని. పైగా ఆ భంగిమ ఏ నాట్యగత్తెకైనా సరిపోద్ది. అది బృహన్నలే అని చెప్పేది దాంట్లో ఏముంది? కింద పేరు రాస్తే తప్ప ఎవరికీ తెలవదు. నాన్నగారికి పర్వం అంతా నోటికి వచ్చు అన్నారు కదా, అట్టాంటాయన రోజూ పొద్దున చూసే బొమ్మ పద్యంలోంచి రావాల, కేటలాగులోంచి కాదు.

తిక్కన మన నెల్లూరాయన, మనుమసిద్ధి కొలువులో ఉన్నాయన, పెన్న ఒడ్డున కూర్చొని పదిహేను పర్వాలు తెలుగు చేసినాయన. ఆయన మొదలుపెట్టిందే విరాటపర్వంతో. వానలు పడకపోతే విరాటపర్వం చదివించే అలవాటు మన ఊళ్ళల్లో నిన్న మొన్నటి దాకా ఉండేది. అట్టాంటి పర్వంలో బృహన్నల నాట్యం నేర్పించే ముక్క ఎంత? చాలా తక్కువ. అసలు బృహన్నల మనకి కనపడేది ఉత్తర గోగ్రహణంలో. కౌరవులు ఆవుల్ని తోలుకుపోయారని కబురొస్తే ఉత్తరకుమారుడు ఆడవాళ్ళ ముందర కోతలు కొయ్యటం, సారథి లేడు గానీ ఉంటేనా అనటం, బృహన్నలని పట్టుకొస్తే ఆయన కవచం తొడుక్కోవటం కూడా రానట్టు నటించి పిల్లల్ని నవ్వించటం, అతని చెల్లెలు ఉత్తర తన బొమ్మలకి కౌరవుల గుడ్డలు తెమ్మని అడగటం, తీరా ఆ సేనని చూశాక కుమారుడు రథం దూకి పారిపోతే బృహన్నల జడ ఎగురుతా ఎర్రబట్టలు రెపరెపలాడతా వెంటపడటం, అప్పుడు కౌరవ సేనలో ఒకళ్ళు ఒకళ్ళతో ఏమనుకుంటారంటే, వీడిలో కొంచెం ఆడతనం కొంచెం మగతనం ఉండాయి గానీ ఆ తల, ఆ మెడ, ఇనప గడియల్లాంటి ఆ చేతులు అర్జునుడివే అనుకుంటారు. వ్యాసుడి మూలంలో ఉండాది ఇది. ఒక శిల్పికి ఇంతకన్నా ఏం కావాల? మనిషిని ఎట్టా చెయ్యాలో కవే చెప్పేశాడు. మొహం మెత్తగా చేసుకోండి, నగలు పెట్టుకోండి, జడ వెయ్యండి, కానీ భుజాలు, ముంజేతులు మాత్రం గాండీవం ఎత్తినవాడివే అయ్యుండాల. ఇది మీ శిల్పికి గట్టిగా చెప్పండి, చెప్పకపోతే సన్నటి చేతులు పెట్టేస్తాడు, అందరూ అట్టానే పెడతారు.

ఇంకా పెద్ద సంగతి గాజులు. బృహన్నల శంఖం గాజులు ఎందుకు వేసుకుంటాడు? ఆడవేషం కాబట్టి అనుకుంటారు చాలామంది. అజ్ఞాతవాసానికి ముందర ఎవరు ఏ వేషం అని మాట్లాడుకునేటప్పుడు అర్జునుడు అన్నతో ఏం చెప్తాడంటే, అల్లెతాడు ఒరిసీ ఒరిసీ నా రెండు చేతులకీ కాయలు కాచినాయి, వాటిని దాయటం కష్టం, గాజులతో కప్పుకుంటాను అని. మామూలు విలుకాడికి ఒక చేతికే కాయ కాస్తది, ఈయన సవ్యసాచి, రెండు చేతులా వేస్తాడు కాబట్టి రెండింటికీ. అంటే ఆ గాజుల కింద ఆయన పేరు రాసి ఉన్నట్టే లెక్క. పన్నెండేళ్ళ అడవి అయ్యాక, ఇంకో ఏడాది మొత్తం ఆ రెండు మచ్చలు ఎవరికీ కనపడకుండా బతికాడు. ఆఖరికి శ్మశానం దగ్గర జమ్మిచెట్టు కింద, ఉత్తరకుమారుడు చెట్టెక్కి ఆయుధాల కట్ట దించాక, గాజులు తీసేసి, తోలుపట్టాలు తొడుక్కొని, తెల్లగుడ్డతో జుట్టు ముడేసుకొని నిలబడతాడు.

నేను చెయ్యమనేది ఆ క్షణం. రెండు కాళ్ళూ నేల మీద. ఎడమ చెయ్యి పొట్టకి కొంచెం పైన అడ్డంగా, కుడిచెయ్యి ఆ మణికట్టు మీద, గాజులు సగం జారినాయి, వాటి వెనక కాయ కనపడతా ఉండాది. తల కొంచెం వంచి ఆ చెయ్యి వైపే చూస్తా ఉండాడు. జడ ఇంకా విప్పలేదు, భుజం మీదుగా ముందుకు పడి ఒంటికి ఆనుకొనే ఉండాది. వెనకవైపు మోకాలి నుంచి నడుం దాకా జమ్మి మొద్దు ఒకటి, పంచె మడతలు దాంట్లో కలిసిపోతాయి. చదువుకున్నవాళ్ళు చూస్తే ఎవరో పేరు చూడకుండానే చెప్తారు, తెలవని పిల్లలు ఆ చేతి మీద ఏంది అని అడుగుతారు, అప్పుడు నాన్నగారు పద్యం ఎత్తుకోవచ్చు.

ఇది కథకి మంచిదని మాత్రమే చెప్పటంలా. బయటికి పొడుచుకొచ్చేది ఏమీ లేదు చూడండి, చేతులు ఒంటికి దగ్గరగా, జడ ఒంటికి ఆని, వెనక మొద్దు ఆసరా, బరువు రెండు కాళ్ళ మీద, మొద్దు మీద. ఇప్పుడు మెటీరియల్ మాట్లాడుకోవచ్చు.

ఫైబర్ త్వరగా తేల్చేస్తా. మట్టితో బొమ్మ చేసి, దాని మీద అచ్చు తీసి, అచ్చులో ముందు జెల్ కోట్ అనే పైపొర, దాని మీద గ్లాస్ మ్యాట్ అంటే గాజు పీచు పట్టా, రెసిన్ వేస్తారు. మచ్చ లాంటి సన్నటి పని దీంట్లో బాగానే వస్తది. కానీ అచ్చు ఖర్చు పది బొమ్మలు తీసేవాడికి గిట్టుద్ది, మీకు ఒక్కటి కావాల. మన ఎండకి కొన్నేళ్ళకి పైపొర సుద్దలాగా అయిపోయి, తుడిస్తే చేతికి తెల్లగా అంటుద్ది, మళ్ళీ కోటింగ్ కొట్టించాల. లోపల డొల్ల కాబట్టి తుఫాను గాలికి లేచిపోకుండా లోపల ఇనప ఫ్రేము, కింద కాంక్రీటు నింపటం తప్పదు. ఒకటి రెండేళ్ళు ఉంటే చాలు అనుకుంటే ఫైబర్, ఇల్లున్నంత కాలం ఉండాలంటే కాదు.

సిమెంట్ గురించి ఎక్కువ చెప్పాల, ఎందుకంటే మన జిల్లాలో ఎక్కువ బొమ్మలు ఇవే, ఎక్కువ పాడయ్యేవీ ఇవే. సముద్రం వైపు ఊళ్ళల్లో చూడండి, గుడి గోపురం మీద బొమ్మలైనా సెంటర్లో విగ్రహాలైనా ముందు పోయేది వేళ్ళు, తర్వాత మణికట్టు, తర్వాత చీలమండ. పొట్ట దగ్గర ఎప్పుడూ పగలదు. కారణం సింపుల్. లోపల ఇనప కడ్డీ, దాని మీద సిమెంట్. పొట్ట దగ్గర కడ్డీ మీద నాలుగైదు అంగుళాల సిమెంట్ ఉంటది, వేలు దగ్గర పావు అంగుళం కూడా ఉండదు. ఉప్పు ఆ పావు అంగుళం దాటి కడ్డీని చేరుద్ది, తుప్పు మొదలవుద్ది, తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ జాగా తీసుకుంటది, లోపల్నించి తోస్తది, సిమెంట్ చీలుద్ది, ఆ చీలికలోంచి ఇంకా ఉప్పు, ఇంకా నీళ్ళు. పైన పుట్టీ పెట్టి రంగు కొడితే లోపల తుప్పు ఆగదు, ఒక వానాకాలం గడిచాక అదే గీత మళ్ళీ వస్తది.

ఇప్పుడు మన బొమ్మకి ముఖ్యమైన చోటు ఏది? మణికట్టు. సిమెంట్‌లో ముందు పోయేది ఏది? అదే మణికట్టు. అందుకని సిమెంట్‌లో చేయిస్తే చేతుల్లో మామూలు కడ్డీ అసలు పెట్టబాకండి, స్టెయిన్‌లెస్ కడ్డీ పెట్టించండి, అందులోనూ 316 రకం, ఉప్పుగాలికి అదే తట్టుకుంటది. చేతులకి పట్టేది రెండు మూడు మీటర్ల కడ్డీ, మొత్తం ఖర్చులో అదొక లెక్కలోది కాదు. మిగతా ఒంట్లో కడ్డీ మీద ఎక్కడా 45 మిల్లీమీటర్లకి తక్కువ సిమెంట్ ఉండకూడదు, కోడి మెష్, అదే సన్న తీగల వల, గాల్వనైజ్డ్‌ది తీసుకోండి, బైండింగ్ వైరు కొసలు బయటికి పొడుచుకు రాకుండా లోపలికి వంచమనండి, చిన్న తుప్పు మరకలన్నీ ఆ కొసల నుంచే వస్తాయి.

ఉప్పు బయట్నించే కాదు, మనమే లోపల కలుపుతాం, ఇది ఇంకా దారుణం. మైపాడు చుట్టుపక్కల చాలా బోర్లలో నీళ్ళు ఉప్పు, రొయ్యల చెరువుల పక్కన చెప్పనే అక్కర్లా. మేస్త్రి మీ ఇంటి బోరు నీళ్ళే పట్టి కలిపేస్తాడు. కడ్డీ ఉన్న కాంక్రీటుకి వాడే నీళ్ళలో క్లోరైడ్ లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 కోడ్‌లో ఉండాది. నీళ్ళు ఒక బాటిల్ ల్యాబ్‌లో ఇచ్చి టెస్ట్ చేయించండి, ఎక్కువొస్తే మంచినీళ్ళ ట్యాంకర్ తెప్పించండి, కలపటానికే కాదు, తర్వాత తడిపి ఉంచే క్యూరింగ్‌కి కూడా అదే. ఇసక పెన్న ఇసకే, అది కూడా ఏటి మొగ దగ్గరది కాదు, పైనుంచి వచ్చింది. సముద్రం ఇసక కడిగి వాడతాం అంటే ఒప్పుకోబాకండి. సిమెంట్ స్లాగ్ రకం, అంటే ఇనుము కొలిమి చిట్టెం కలిపింది తీసుకోండి, క్లోరైడ్‌కి మామూలు దాని కన్నా బాగా అడ్డం పడుద్ది, కాకపోతే గట్టిపడటం కొంచెం నిదానం, అందుకని రెండు వారాలు గోనె పట్టాలు కప్పి తడి ఆరకుండా చూడాల. పని సంక్రాంతి దాటాక మొదలుపెట్టి శివరాత్రి తర్వాత కొన్నాళ్ళకి ముగించుకుంటే సరిపోద్ది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు, తుఫాన్లు, పచ్చి సిమెంట్ నిలవదు. రోహిణి కార్తెలో అయితే పొద్దున పెట్టిన పొర మధ్యాహ్నానికి ఎండి నెర్రెలు ఇస్తది.

రంగు విషయం. ఎనామిల్ కొట్టించబాకండి, లోపలి తడిని బయటికి పోనియ్యదు, బుడగలు వచ్చి పొరలు పొరలుగా ఊడుద్ది. నన్నడిగితే రంగే వద్దంటా, ఆఖరి పొరలో కొంచెం ఆక్సైడ్ రంగుపొడి కలిపి మట్టిరంగు తెప్పిస్తే చాలు. ఎర్రచీర, పచ్చ రవిక, గులాబీ బుగ్గలు పెడితే ఆ మణికట్టు వైపు ఎవరూ చూడరు.

ఇక రాయి. చీమకుర్తి గెలాక్సీ గురించి మీరు అడిగినందుకు సంతోషం, ప్రపంచమంతా పోతా ఉండే రాయి మన పక్కనే ఉండాది. కానీ బొమ్మకి అది వద్దు. ఆ నల్ల రాయిలో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. పాలిష్ పట్టిన పలకలో ఆ చుక్కలు నక్షత్రాల్లాగా ఉంటాయి, మొహం చెక్కితే మాత్రం మొహమంతా చుక్కలు పడతాయి, బుగ్గ ఒంపు కళ్ళకి తెలవదు, మీకు కావాల్సిన ఆ కాయ మచ్చ అసలే కనపడదు. పాలిష్ లేకుండా ఉలి గరుకుతో వదిలేస్తే చుక్కలు మాయం, రాయి బూడిద రంగులోకి పోద్ది, అప్పుడు గెలాక్సీకి పెట్టిన డబ్బులు దేనికి? దిమ్మెకి పెట్టండి గెలాక్సీ, నాలుగు వైపులా పలకలు, దానికి అది పుట్టినట్టే ఉంటది. బొమ్మకి మాత్రం చుక్క లేని, రేణువు సన్నగా ఉన్న నల్లరాయి, గుళ్ళో మూలవిరాట్టుకి వాడే రకం తీసుకోండి. ఆళ్ళగడ్డ శిల్పులు ఆ పని తరతరాలుగా చేస్తా ఉండారు. దుర్గి సున్నపురాయి చెక్కటానికి వెన్న లాంటిది, పని బ్రహ్మాండంగా వస్తది, ఇంట్లో పెట్టుకోటానికి నేనే చెప్తా, కానీ సముద్రం పక్కన ఆరుబయట ఉప్పు లోపలికి ఇంకి, గట్టిపడి, పైపొరని నెట్టేస్తది. వద్దు.

రాయిలో ఇంకో లెక్క ఉండాది, బరువు. అయిదున్నర అడుగుల బొమ్మకి ఆరడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల మందం బండ కావాల, అంటే 24 ఘనపుటడుగులు, అడుగుకి 75 నుంచి 85 కేజీలు, మొత్తం రెండు టన్నుల దాకా. చెక్కాక దాంట్లో చాలా పోద్ది గానీ అప్పుడు కూడా మనుషులు ఎత్తేది కాదు, హైడ్రా క్రేన్ రావాల. మీ తోట గేటు ఎంత వెడల్పు, పైన కరెంటు తీగలు ఉండాయా, హైడ్రా చక్రాలు దిగబడతాయా, ఇవి ఆర్డర్ ఇవ్వకముందే చూసుకోండి. ఆడ నేల ఇసక కాబట్టి పునాది నాలుగడుగుల చదరం, మూడడుగుల లోతు తీసి బాగా దిమ్మిస కొట్టి కాంక్రీటు వెయ్యండి, పైన కొబ్బరిచెట్లు ఉంటే వాటి వేళ్ళకి దూరంగా.

కంచు గురించి కూడా ఒక ముక్క అడిగారు. బాగుంటది, బడ్జెట్ దాటిపోద్ది, దొంగల భయం వేరే.

నా మాట ఏందంటే, డబ్బులు సర్దుబాటు అయితే నల్లరాయి, కాకపోతే చేతుల్లో స్టెయిన్‌లెస్ పెట్టిన సిమెంట్. నేను చెప్పిన భంగిమకి ఈ రెండూ నిలబడతాయి. మీ ఫోటోలో భంగిమకి రాయి నిలవదు, చాపిన చెయ్యి లారీలోనే విరగొచ్చు, సిమెంట్ నిలిచినా వేళ్ళు ఎక్కువ కాలం ఉండవు.

దిమ్మె ఎత్తు. అందరూ మూడడుగులు కడతారు, నాయకుల విగ్రహాలకి అలవాటైపోయి. మీరు అడుగున్నర కన్నా ఎక్కువ కట్టబాకండి. అయిదున్నర అడుగుల బొమ్మకి పొట్ట పైన పెట్టిన చెయ్యి మూడున్నర అడుగుల దగ్గర ఉంటది, అడుగున్నర దిమ్మె కలిపితే అయిదు అడుగులు, నిలబడ్డ మనిషి కంటికి సరిగ్గా ఎదురుగా. మూడడుగుల దిమ్మె పెడితే ఆ చెయ్యి ఆరున్నర అడుగుల మీదకి పోద్ది, కింద్నించి చూసేవాడికి గాజుల అడుగుభాగం తప్ప ఇంకేమీ కనపడదు. ఎంత మంచి పని చేయించినా దండగ.

మొహం ఆగ్నేయం వైపు తిప్పండి. పొద్దుటి ఎండ పక్కనుంచి వాలుగా పడితే మచ్చ గుంట, గాజు అంచు, పంచె మడత అన్నీ తేలతాయి. నడినెత్తి ఎండలో ఏ బొమ్మా బాగుండదు, సాయంత్రం పడమటెండ వెనకనుంచి వస్తే నల్లటి ఆకారం మాత్రమే. అందుకే బొమ్మకి పడమర వైపు పదడుగుల దూరంలో అసలు జమ్మి మొక్క ఒకటి నాటండి, నిదానంగా పెరుగుద్ది, వేరు లోతుకి పోద్ది కాబట్టి పునాదికి పెద్దగా ఇబ్బంది లేదు. సర్కారు తుమ్మ మొక్క ఇచ్చి జమ్మి అని చెప్పేవాళ్ళు ఉంటారు, కొమ్మ చూడండి, సర్కారు తుమ్మకి ఆకు పుట్టే కణుపు దగ్గర జంటగా పొడుగు ముళ్ళుంటాయి, జమ్మికి కణుపుల మధ్యలో చిన్న చిన్న ముళ్ళు. మరీ దగ్గరగా నాటితే పిట్టల రెట్టలు బొమ్మ మీద పడతాయి, అందుకే పదడుగులు అంటా ఉండా.

దిమ్మె మీద పద్యం చెక్కించాలని రాశారు, చాలా మంచిది. ఏ పద్యం అనేది నాన్నగారినే అడగండి, నన్నడిగితే మాత్రం ద్రోణుడు అర్జునుణ్ణి చూసి చెప్పే ‘సింగం బాకటితో’ పద్యం, గుహలో ఆకలితో పడున్న సింహం బయటికి వస్తున్నట్టు ఉంటది కాబట్టి ఈ బొమ్మ కింద దానికి మించింది లేదు. శార్దూల వృత్తం, పాదానికి 19 అక్షరాలు, నాలుగు పాదాలు, అక్షరానికి అంగుళంపావు ఇచ్చినా పాదం రెండడుగుల్లో పట్టుద్ది, కాబట్టి పలక రెండున్నర అడుగుల వెడల్పు తీసుకొని పాదాన్ని మధ్యలో విరవకుండా ఒక్క వరసలో వేయించండి. ముఖ్యంగా అరసున్నలు, సంధి దగ్గర అక్షరాలు చూసుకోవాల, డీటీపీ అబ్బాయి టైప్ చేసేటప్పుడు అరసున్న ఎగరగొట్టేస్తాడు, ఫాంట్ మారితే వత్తులు చెదిరిపోతాయి. రాయి మీద పడ్డాక దిద్దేది లేదు. స్టెన్సిల్ కాయితం సైజులోనే ప్రింట్ తీసి నాన్నగారి చేతికిచ్చి, ఆయన చదివి సరే అన్నాకే రాయి మీద ఇసక కొట్టి అక్షరాలు తీసే బ్లాస్టింగ్‌కి పంపించండి. దిమ్మె పక్క పలక మీద జాగా మిగిలితే చిన్న గుడ్డల మూట ఒకటి చెక్కించండి, యుద్ధం అయ్యాక ఉత్తర బొమ్మల కోసం తెచ్చినవి. పిల్లలకి బాగా నచ్చుద్ది అది.

అయిపోయాక నెలకొకసారి మంచినీళ్ళతో పైనుంచి కిందకి కడిగితే చాలు, ఉప్పు పోద్ది, మెత్తటి బ్రష్ వాడండి. బాత్రూం యాసిడ్‌తో కడిగితే తెల్లగా అవుద్ది అని ఎవరన్నా చెప్తే వినబాకండి, సిమెంట్‌ని తినేస్తది.

శిల్పితో మాట్లాడేటప్పుడు ముందే ఒక షరతు పెట్టుకోండి. పెద్ద బొమ్మ మొదలుపెట్టకముందు అడుగు ఎత్తులో మట్టి నమూనా చేసి చూపించాల, దాని డబ్బులు విడిగా ఇచ్చెయ్యండి, అది చూశాకే మిగతా అడ్వాన్స్. ఆ నమూనా నాన్నగారి ముందర పెట్టి ఆ ఘట్టం ఒకసారి చదివించుకోండి, శిల్పి కూడా అక్కడే కూర్చొని వినాల, మంచి పనివాడైతే విన్నాక చేతులు వాడే మారుస్తాడు. నమూనా ఫోటోలు ఎదర, పక్క, వెనక మూడూ తీసి ఇక్కడ పెట్టండి, మణికట్టు దగ్గరది విడిగా ఒకటి, కడ్డీ ఎట్టా పోవాలో గీసి చూపిస్తా.